ఎముకల వార్డులో పదహారు వారాలు

1976 జూన్ మొదటి వారంలో నన్ను మగవాళ్ల ఎముకల వార్డుకు వేశారు. అప్పటికి నేను హనుమకొండలోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఏడేళ్ల సర్వీసు ఉన్న స్టాఫ్ నర్సును. శిక్షణలో ఉన్న అమ్మాయిల పైన స్టాఫ్ నర్సు, ఆమె పైన వార్డు సిస్టరు, అందరి పైన మేట్రన్ అమ్మగారు. ఎముకల వార్డుకు ఆ రోజుల్లో సిస్టరు లేరు కనుక ఆ బాధ్యత కూడా నా నెత్తినే పడింది. హోదా మాత్రం పాతదే.

నేను కోరుకున్న చోటు అది కాదు. నర్సింగు తర్వాత ప్రసూతి శిక్షణ కూడా పూర్తి చేసి, కాన్పుల వార్డు కోసం మూడేళ్లుగా కాచుకుని ఉన్నాను. నెలాఖరున మేట్రన్ గది బయట డ్యూటీ లిస్టు అంటించేవారు. నా పేరు ఎప్పుడూ ఇంకెక్కడో ఉండేది. మాది మరిపెడ దగ్గర పల్లె, కూలి చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబం. అడిగితే ఆలస్యమైనా దేవుడు జవాబిస్తాడని మా అమ్మ చెప్పి పెంచింది. నేను రోజూ అడిగేదాన్ని. నిజం చెప్పాలంటే అది ప్రార్థన కాదు, తగాదా. నా తర్వాత వచ్చినవాళ్లను అక్కడ వేశావు, నన్నెందుకు వేయలేదని దేవుణ్ణి నిలదీయడమే నా భక్తి.

పైగా ఎముకల వార్డంటే నాకు చిన్నచూపు. కాన్పుల వార్డులో గంట గంటకూ ఏదో ఒకటి జరుగుతుంది. ఇక్కడ మనుషులు వచ్చి పడుకుంటారు, నెలల తరబడి పడుకునే ఉంటారు. ఇరవై మంచాలు, ఇరవై కాళ్లు, ఒకటే కప్పు. ఆ కప్పును చూస్తూ వాళ్లు, గడియారాన్ని చూస్తూ నేను.

జూన్ నెలాఖరులో సాంబయ్య వచ్చాడు. వరంగల్ వైపు మగ్గం నేసే మనిషి, ముప్పై రెండేళ్లవాడు. సైకిల్ మీద నూలు కట్టలు వేసుకుని సుబేదారి మీదుగా వస్తుంటే లారీ తగిలి కుడి తొడ ఎముక మధ్యకు విరిగింది. ఆ రోజుల్లో మా దగ్గర తొడ ఎముకకు ఆపరేషన్ లేదు, ట్రాక్షన్ ఒక్కటే మార్గం. మోకాలి కింద ఎముకలో అడ్డంగా ఒక స్టీలు పిన్ను వేస్తారు. దానికి తాడు కట్టి, మంచం చివర ఉన్న కప్పీ మీదుగా కిందికి వదిలి, ఇసుక సంచి వేలాడదీస్తారు. ఆ బరువు రాత్రింబవళ్లు కాలిని లాగుతూ ఉండాలి. పన్నెండు వారాలకు ఎముక అతుకుతుంది, అన్నీ సరిగ్గా జరిగితే.

అన్నీ సరిగ్గా జరుగుతున్నాయని రాయడం నా పని. ప్రతి డ్యూటీలో చార్టు మీద ‘ట్రాక్షన్ సరిగా ఉంది’ అని రాసి సంతకం చేయాలి. చేసేదాన్ని. పొద్దున డ్యూటీ ఎక్కగానే, ఇరవై చార్టులూ బల్ల మీద పరుచుకుని, ఒక్క బిగిన చేసేదాన్ని. ఏడు గంటలకు వార్డులో ప్రార్థన చేయించి, ఓపిక పట్టిన వారికి దేవుడు తోడుంటాడని రోగులకు నాలుగు మాటలు చెప్పేదాన్ని కూడా. సాంబయ్య చేతులు జోడించి వినేవాడు. అతని భార్య లచ్చవ్వ భద్రకాళమ్మకు మొక్కుకుని మంచం కోడుకు దారం కట్టింది, నా ప్రార్థనకూ తల వంచింది. ఏ దేవుడు ముందు పలికితే ఆ దేవుడే అనుకుంది కాబోలు.

మూడో వారం ఎక్స్‌రేలో పిడుగు పడింది. విరిగిన రెండు కొసలూ ఎదురెదురుగా ఉండాల్సింది, ఒకదాని పక్కకు ఒకటి జరిగి ఎగబాకాయి. సర్జన్ గారు టేపుతో కొలిచారు. కుడి కాలు ఎడమ కాలి కంటే ఒకటిన్నర అంగుళం పొట్టి. బరువు ఎప్పుడైనా తీశారా అని అడిగారు. లేదు సార్ అన్నాను, చార్టు చూపించాను. ఆయన సంతకాలన్నీ చూశారు. బరువు పెంచమన్నారు. పది రోజుల్లో కాలు దిగకపోతే పొట్టిగానే అతుకుతుందని, లేదంటే హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయించుకోవాలని చెప్పి వెళ్లిపోయారు. హైదరాబాదు వాళ్ల శక్తికి మించిన మాట. ఇక పొట్టి కాలుతో నేత సాగదు, సాంబయ్యది గుంట మగ్గం. గుంటలో కూర్చుని రెండు కాళ్లతో కింది చెక్కలు మార్చి మార్చి తొక్కితేనే నేత. ఒక కాలు అందకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

రౌండు అయ్యాక సంచి మార్చడానికి నేనే వంగాను. గాలిలో వేలాడే ఇసుక సంచి అడుగు ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఈ సంచి అడుగు పీట మీద పెట్టినట్టు చదునుగా ఉంది. ఎవరో దీన్ని దేని మీదో ఆనిస్తున్నారు. రోజూ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేటప్పుడు నర్సులమంతా గదిలో రిపోర్టు చెప్పుకుంటాం, అరగంట వార్డులో ఎవరూ ఉండరు. ఆ రోజు నేను మధ్యలో లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. లచ్చవ్వ ఒక స్టూలు తెచ్చి, సంచిని దాని మీద చంటిపిల్లను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. సాంబయ్య హమ్మయ్య అని కళ్లు మూసుకున్నాడు.

నేను వార్డు ఎగిరిపోయేలా అరిచాను. లచ్చవ్వ బెదిరిపోయింది.

“గుంజుడుకు ఆయిన ఏడుస్తాండు సిస్టరమ్మా. జరసేపు పానానికి సుకముంటదని పెట్టిన. డాక్టరు సారు వచ్చే యాళ్లకు తీస్తనే ఉన్న గదా!”

సాంబయ్య అడ్డొచ్చాడు. “దాన్ని అనకుండ్రి, నేనే పెట్టుమన్న. కదలద్దన్నరు, కదుల్తలేను. గా బరువు ఎందుకో మాకు ఎవలన్న చెప్పిండ్రా?”

చెప్పలేదు. ముట్టుకోవద్దని వందసార్లు చెప్పాం, ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. తొడ కండరాలు చాలా బలమైనవని, విరిగిన ఎముకను అవి రెండు వైపుల నుంచి లోపలికి గుంజుకుంటాయని, వాటికి ఎదురుగా ఈ బరువు ఒక్క నిమిషం కూడా విడవకుండా లాగుతుండాలని అప్పుడు చెప్పాను. సాంబయ్య సంచి వైపు, తాడు వైపు చూశాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

“మగ్గం మీద పడుగు పోగులు వదులైనట్టేనాయె. పడుగుకు బిగువు తప్పితే ఎంత నేసినా బట్ట చెడిపోతది. అంటే మూడు వారాల సంది నేను వదులు పడుగు మీద నేస్తాన్ననా?”

ఏడేళ్లలో ట్రాక్షన్ గురించి అంత బాగా చెప్పినవాళ్లను నేను వినలేదు.

ఇక నా సంగతి. రోగి తాలూకు మనిషే చేసిందని సర్జన్ గారికి చెబితే సరిపోయేది. లచ్చవ్వను బయటికి పంపేవారు, నా చార్టులు చార్టుల్లాగే ఉండేవి. అందులో అబద్ధం కూడా లేదు. కానీ ఇరవై ఒక్క రోజుల్లో ఒక్క రోజైనా వంగి చూసి సంతకం పెట్టానా? పెట్టి ఉంటే మొదటి వారమే దొరికేది. ఆ సాయంత్రం ప్రార్థనకు మోకరించాను. మూడేళ్లుగా దేవుణ్ణి సంజాయిషీ అడుగుతున్న మనిషిని, ఇప్పుడు ఆయన ఎదుట నేనే సంజాయిషీ ఇవ్వాలి. లేచి మేట్రన్ గారి దగ్గరికి వెళ్లాను. సర్జన్ గారు కూడా అక్కడే ఉన్నారు. చూడకుండా సంతకాలు పెట్టానని చెప్పాను.

మేట్రన్ గారు అరవలేదు. సొరుగులోంచి వచ్చే నెల లిస్టు తీసి నా ముందు పెట్టారు. కాన్పుల వార్డు ఎదురుగా నా పేరు రాసి ఉంది. పెన్సిలుతో దాన్ని కొట్టేశారు. ఆ కాలు అతికి, ఆ మనిషి నడిచేదాకా నువ్వు ఆ వార్డు వదలవు అన్నారు. లచ్చవ్వను మాత్రం ఉండనిచ్చారు. హాస్టలుకు వెళ్లి ఏడ్చాను. సిగ్గుతో కొంచెం, కోపంతో ఎక్కువ.

మర్నాటి నుంచి నా పని తీరు మారింది. బరువుకు మనిషి కిందికి జారకుండా మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తాం, బరువు పెంచాం. రెండు గంటలకోసారి వంగి చూశాను. సంచి కిందా పక్కలా ఏమీ తగలకుండా ఉందా, తాడు కప్పీలోనే ఉందా, పాదం వెచ్చగా ఉందా, వేళ్లు కదులుతున్నాయా. చూశాకే రాశాను, ఏ మంచం దగ్గర చూసింది ఆ మంచం దగ్గరే రాశాను. సాంబయ్య నాకంటే కఠినంగా తయారయ్యాడు. ఊడ్చే ఆమె చీపురు సంచికి తగిలినా ఊరుకునేవాడు కాదు. నొప్పికి పళ్లు బిగపట్టేవాడు, చెమటలు కక్కేవాడు, సంచి మీద చెయ్యి మాత్రం వేయనిచ్చేవాడు కాదు. పక్క మంచాల వాళ్లకు పడుగు కథ చెప్పాడు. మూడు రోజుల్లో వార్డులో దాచిన స్టూళ్లు, పీటలు, ఒక గోధుమ డబ్బా బయటపడ్డాయి. తప్పు చేసింది లచ్చవ్వ ఒక్కతే కాదన్నమాట. అందరూ దయగల మనుషులే, అదే మాకొచ్చిన కష్టం.

పదో రోజు ఎక్స్‌రే తీశారు. ఎముక దిగింది. సర్జన్ గారు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూసి, ఇప్పుడు మొదలుపెట్టండి పన్నెండు వారాలు అన్నారు. అంటే అప్పటిదాకా పడుకున్నదంతా లెక్కలో లేదు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. నొప్పి తగ్గాక ఓపిక పట్టడం ఇంకా కష్టం. కొత్త లెక్కలో ఏడో వారం సాంబయ్య అన్నం ముట్టలేదు. మగ్గం బూజు పట్టింది, నూలు ఎలుకలు కొరుకుతున్నాయి, పట్టీ కట్టి ఇంటికి పంపేయండి అన్నాడు. నా లిస్టు సంగతి వార్డులో అందరికీ తెలిసిపోయింది. అతను సూటిగా అడిగాడు.

“నువ్వు మూడేండ్ల సంది ఎదురుచూస్తానవంట గదా సిస్టరమ్మా. ఎట్ల ఓర్చుకున్నవు?”

పొద్దున ప్రార్థనలో చెప్పే నాలుగు మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. “ఓర్చుకోలే సాంబయ్యా. రోజు మా దేవునితోని కొట్లాడిన” అన్నాను.

“మరి ఆయనేమన్నడు?”

“ఏమనలే. ముందుగాల నీ కాలు చూడుమన్నట్టుంది.”

అతను పకపకా నవ్వాడు. ఆ పూట అన్నం తిన్నాడు. ఆ రాత్రి నా ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయింది. రేపు కళ్లు తెరుచుకుని పని చేయనివ్వు, ఈ మనిషిని నిలబెట్టు. నా పోస్టింగు అడగడం మరిచిపోయానని మంచం ఎక్కాక గుర్తొచ్చింది. లేచి మళ్లీ అడగాలనిపించలేదు. మూడేళ్లలో అంత హాయిగా నిద్రపోయిన రోజు లేదు.

బతుకమ్మ పాటలు వార్డు కిటికీలోంచి విన్నాం. లచ్చవ్వ పులిహోర, పెరుగన్నం, పండుగ సద్దులన్నీ తెచ్చి ఇరవై మంచాలకూ పంచింది. అక్టోబరులో చివరి ఎక్స్‌రే వచ్చింది. విరిగిన చోట చుట్టూ కొత్త ఎముక కణుపులా కట్టింది. సర్జన్ గారు పిన్ను తీయించి టేపు తెప్పించారు. తుంటి ఎముక నుంచి చీలమండ దాకా కుడి కాలు కొలిచారు, ఎడమ కాలు కొలిచారు. మళ్లీ కొలిచారు. టేపు నా చేతికిచ్చి నువ్వు కొలువు అన్నారు. నేనూ కొలిచాను. రెండు కాళ్లూ సమానం! గీత తేడా లేదు. పక్క మంచం ముసలాయన ఈల వేశాడు. వార్డు వార్డంతా చప్పట్లు కొట్టింది. సంచి సంగతి తెలిసిన రోజు నుంచి కన్నీటి చుక్క రాల్చని సాంబయ్య అప్పుడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. 

మోకాలు బిగుసుకుపోయి ఉంది. దానికి ఇంకో నెల పట్టింది. చంక కర్రల మీద నడక ఒక పూట, మంచం అంచున కూర్చుని మోకాలి కసరత్తు ఒక పూట. కసరత్తు మేము నేర్పింది ఒకటి, అతను చేసింది ఒకటి. కాళ్లు వేలాడేసి, చేతులు గాలిలో ఆడిస్తూ, లేని మగ్గాన్ని తొక్కేవాడు. మోకాలు రోజుకింత వంగింది. నవంబరు చివర కర్రలు లేకుండా వార్డు తలుపు దాటి, గేటు దాకా నడిచి వెళ్లాడు. మేట్రన్ గారు వరండాలో నిలబడి చూశారు. ఆ నెల లిస్టులో నా పేరు కాన్పుల వార్డులో ఉంది.

సంక్రాంతి దాటాక ఒక సెలవు రోజు వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోకి రాకముందే మగ్గం చప్పుడు వినిపించింది. ఒక నర్సుగా నేను కాళ్లనే చూశాను. గుంటలో కుడి కాలు, ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు. తడబాటు లేదు. లచ్చవ్వ చాయ్ ఇచ్చి, మా సిస్టరమ్మ అని వాడకట్టంతా పిలిచి చూపించింది. సాంబయ్య నేత ఆపకుండానే నవ్వాడు.

తర్వాత కాన్పుల వార్డులో చాలా ఏళ్లు పనిచేసి, ఆ ఆసుపత్రిలోనే నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అంతకాలం కలగన్న కాన్పుల వార్డులోనూ మంత్రసాని చేసే పనిలో ముప్పాతిక వంతు కాచుకుని ఉండటమేనని అక్కడికి వెళ్లాకే తెలిసింది. నొప్పులు మొదలైన మనిషి పక్కన కూర్చుని, అరగంటకోసారి బిడ్డ గుండె విని, విన్నదే రాయాలి. తొందరపడినా ప్రమాదమే, ఏమరినా ప్రమాదమే. మూడేళ్ల ముందు నన్ను అక్కడ వేసి ఉంటే ఏ తల్లికో కీడు చేసేదాన్నని నా నమ్మకం. కోరింది ఇవ్వకుండా దేవుడు ఆపినప్పుడు ఆయన ఊరికే కూర్చోలేదు, ఆ కాలంలో నాకూ చేతినిండా పని పెట్టాడు. నేనే దాన్ని చూడలేదు. నా దగ్గర శిక్షణకు వచ్చిన అమ్మాయిలకు అందుకే మొదటి రోజు రెండు విషయాలు చెప్పేదాన్ని. చూడనిది రాయొద్దు. చేసేది ఎందుకో రోగికి చెప్పు.