దశమి నాటి పోటు

మా మరిది పోయాడు. కాకినాడ ఆసుపత్రి నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, చిన్నాన్న లేడే" అన్నాడు. నేను అప్పటికే ఏడుస్తున్నాను. ఫోన్ మోగితే చాలు, నాకు ఏడుపొస్తుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

వేట మానేశాక మా మరిది మడ అడవి చూడ్డానికి వచ్చినవాళ్ళను వెంటబెట్టుకు తిప్పేవాడు. చెట్ల మధ్యన చెక్కలతో వేసిన దారి ఉంది. దాని చివర మెట్లు దిగితే కాలువ ఒడ్డున బురద. నీరు సముద్రంలోకి లాగేసే వేళ చూసి అందరినీ అక్కడికి దింపేవాడు. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన వేళ్ళు చూపించి, "అవి చెట్టు ముక్కులండి, తొక్కకండి, పాపం దానికి ఊపిరాడదు" అనేవాడు. చేతికర్ర తీసి నీటి అంచున గుచ్చేవాడు. నీరు తిరిగొచ్చి కర్రను ముట్టుకోగానే, "ఇంక లేవండి, ఇంటాయన వచ్చేస్తున్నాడు" అని అందరినీ మెట్లెక్కించేవాడు.

గడియారం పెట్టుకునేవాడు కాదు. తిథి తెలిస్తే చాలు, ఆ రోజు నీరు ఎప్పుడు లాగుతుందో ఎప్పుడు పోటెక్కుతుందో మా వేటవాళ్ళు చెప్పేస్తారు.

నేనూ వెంట వెళ్ళేదాన్ని, ఎవరు జారిపడతారోనని. అందరి చెప్పులూ సంచిలో వేసుకుని మెట్ల మీద నిలబడేదాన్ని. "మా వదిన మొహం మీద ఎప్పుడూ మూడో నంబరు జెండా ఎగురుతుంటుందండి" అనేవాడు. తుఫానొస్తుందంటే ఓడరేవులో ఎగరేసే జెండా అది. అలా అంటూనే, పాచి పట్టిన మెట్టు దగ్గర నా చెయ్యి పట్టుకునేవాడు.

పెద్దాపురం నుంచి మా చుట్టాలు వచ్చిన రోజు, "ఇవాళ సప్తమి, మనం తిరిగొచ్చేదాకా నీరు లాగుతూనే ఉంటుంది" అని వాళ్ళను దింపాడు.

"దశమి కదయ్యా! పొద్దున్నే క్యాలెండర్ చూశాను."

"సప్తమే వదినా. నువ్వు వర్జ్యాలు చూసుకో, నీళ్ళ సంగతి నాకొదిలెయ్."

కాసేపటికే పోటొచ్చేసింది. కర్రను దాటి, అందరి మోకాళ్ళ దాకా వచ్చింది. చుట్టాలు చీరలెత్తిపట్టుకుని, కేకలేసుకుంటూ, నవ్వుకుంటూ మెట్లెక్కారు. మా మరిది మాత్రం అక్కడే నిలబడి, ఎన్నడూ ఎరగని మనిషిని చూసినట్టు ఆ నీటినే చూస్తున్నాడు. నేను కేకేస్తే గానీ కదల్లేదు.

ఇంటికెళ్ళి మా అబ్బాయితో చెప్పాను. "చిన్నాన్నని డాక్టరుకి చూపించరా. పుట్టి బుద్ధెరిగి తిథి తప్పలేదురా అతను."

"నిన్న గ్యాస్ వాసనన్నావు. మొన్న దొడ్లో పామన్నావు. పెద్దాయన, తిథి ఒకసారి మరిచిపోకూడదేంటే?"

తోటికోడలితో చెప్పాను. "అక్కా, నీ భయాలు నాకంటించకు" అంది. అతనితోనే చెప్పాను. "ఎగరేశావా మూడో నంబరు?" అని నవ్వి, టీ పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకేం చెయ్యను? జీవితమంతా అన్నిటికీ భయపడినదాని మాట ఎవరు వింటారండి? నిజం చెప్పాలంటే, ఇదీ ఆ పాము లాంటిదేనేమో అని నాకే అనిపించింది.

వారం తిరక్కుండా పడవల రేవులో పడిపోయాడు. తలలో రక్తం చాన్నాళ్ళుగా కొద్దికొద్దిగా కారుతోందట. ముందే తెలిసుంటే చూసేవాళ్ళమని డాక్టరుగారన్నారు. మా అబ్బాయి నా మొహంలోకి చూడలేకపోయాడు.

పెద్దకర్మ అయ్యాక బంధువులు అతను అందరినీ దింపే ఆ కాలువ ఒడ్డు చూస్తామంటే తీసుకెళ్ళాం. కర్ర ఇంకా అక్కడే ఉంది. పోటొచ్చిన రోజు హడావిడిలో వదిలేసి వచ్చాం. అందరూ బురదలోకి దిగారు. నేను చెప్పుల సంచి పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. నీరు మెల్లగా వచ్చి కర్రను ముట్టుకుంది. కింద వాళ్ళు కబుర్లలో ఉన్నారు. లేవండి అందామని నోరు తెరిచాను. మాటకు బదులు ఏడుపొచ్చింది. నీరు కర్ర చుట్టూ తిరిగి, వాళ్ళ వైపు వస్తోంది.