ఇటుక పట్టేంత ఎత్తు

మా ఇంట్లో ఉన్న కారు మంచిది. మంచిదంటే, ఏం చెప్పినా చేస్తుంది. కొబ్బరికాయలు మోస్తుంది, అరటిగెలలు మోస్తుంది, మా అత్తవారి వైపు వాళ్లని పెళ్లిళ్లకి మోస్తుంది. తెల్లగా, ఎత్తుగా, ఓర్పుగా ఉంటుంది. దాన్ని నడుపుతున్నంతసేపూ మనిషికి తన బాధ్యతలన్నీ వరసగా గుర్తొస్తాయి. నాకు రెండో కారు కావాలనిపించింది అందుకే.

నేను అమలాపురంలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. గురుత్వ కేంద్రం ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడగా మలుపు తిరుగుతుందని ఏళ్ల తరబడి బోర్డు మీద పొట్టి కారు బొమ్మ గీసి చెప్పాను. ఆ బొమ్మకి ఎప్పుడూ రెండే తలుపులు వేసేవాణ్ణి. అలాంటి కార్లో మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. యాభై దాటాక, మోకాళ్లు ఇంకా మాట వింటుండగానే ఈ పాఠానికి ప్రాక్టికల్ చేసెయ్యాలని నిశ్చయించుకున్నాను. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాత స్పోర్ట్స్ కూపే. కూపే అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. రెండు తలుపులు, వెనక్కి వాలిన పైకప్పు, రోడ్డుకి దగ్గరగా సీటు అని చెప్పాను.

“వెనకాల ఎవరు కూర్చుంటారండీ?”

“ఎవరూ కూర్చోలేరు.”

“అదొక్కటే బాగుంది,” అంది.

తర్వాత షరతు పెట్టింది. మూడు బండ్లు చూడాలి. ఇద్దరం కలిసి చూడాలి. మూడిట్లో ఒకటి కుదిరితే సరి, లేకపోతే కూపే అన్న మాట మా ఇంట్లో మళ్లీ వినపడకూడదు. నేను ఒప్పుకున్నాను. మూడంటే అప్పుడు చాలా ఎక్కువనిపించింది.

ఇంకో షరతు మా వీధి పెట్టింది. మా ఇంటికి రావాలంటే పంట బోదె మీద చిన్న కల్వర్టు దాటాలి. అది కట్టినవాళ్లు నీళ్ల సంగతి ఆలోచించారు గానీ పొట్టి కార్ల సంగతి ఆలోచించలేదు. మధ్యలో ఒంటె వీపులా లేచి ఉంటుంది. టేపు పెట్టి, దారం కట్టి కొలిస్తే తేలిందేమిటంటే, పక్కకి నిలబెట్టిన ఇటుక ఏ బండి కింద తగలకుండా పడుతుందో ఆ బండి మా కల్వర్టు దాటుతుంది. శాస్త్రీయంగా ఇది పూర్తిగా సరైనది కాదు. అయినా ఒక ఇటుక కడిగి, ఆరబెట్టి, తెల్లకారు డిక్కీలో పెట్టుకున్నాను.

మొదటి బండి కొత్తపేట దగ్గర. ఎర్రటిది. ఫొటోలో చూసి నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. మేం వెళ్లేసరికి పదకొండున్నర, అదే నేను చేసిన పొరపాటు. గోదావరి జిల్లాలో పదకొండున్నరకి ఒకరింటికి వెళ్లడమంటే విస్తరి వెయ్యమని చెప్పడమే. కాఫీ ఇచ్చారు. బండి చూద్దామంటే, ఎండగా ఉంది, కాస్త చల్లబడనివ్వండన్నారు. అది చల్లబడేలోగా భోజనాలకి లేవమన్నారు. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, గట్టి పెరుగు. ఇంటాయన తల్లిగారు పక్కన నిలబడి నాకు వద్దనే అవకాశం లేకుండా వడ్డించారు.

అప్పుడు బండి చూపించారు. తలుపు కింద రేకు మీద వేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి వెళ్లిపోయింది. మెల్లగా బయటికి తీసుకుని, “బాగుందండీ,” అన్నాను.

ఏమనగలను? చేతికి ఇంకా పనసపొట్టు వాసన వస్తోంది. అన్నం పెట్టిన ఇంట్లో, ఆవిడ చూస్తుండగా, మీ బండి తుప్పు పట్టిందని చెప్పే నోరు మా వైపు ఇంకా ఎవరికీ రాలేదు. ఇటుక డిక్కీలోంచి తియ్యనే లేదు. ఆయన అడ్వాన్సు మాట ఎత్తితే నా చెయ్యి జేబులోకి వెళ్లడం నాకే కనపడింది. మా ఆవిడ అడ్డుపడి, ఇవాళ అమావాస్యండీ, మాట అనుకోకూడదండీ అంది. వాళ్లు మర్యాదగా ఆయ్ అన్నారు. ఆ సాయంత్రం చంద్రుడు బాగానే వచ్చాడు. వాళ్లూ చూసే ఉంటారు.

రెండో బండి రాజోలు వైపు. ఈసారి ఇంట్లోనే కడుపు నిండా తిని బయల్దేరాను. వాళ్లు భోజనం అన్నారు, వద్దన్నాను. టిఫిన్ అన్నారు, వద్దన్నాను. బొండం కొట్టేసి చేతికిచ్చారు. కొట్టేసిన బొండాన్ని వద్దనడం నాకు చేతకాలేదు, తాగేశాను. నీలం రంగు బండి, కొత్త పెయింటు, ఇటుక హాయిగా పట్టింది. ఇంజను చక్కగా పలికింది. నేను మనసులో దాన్ని మా వీధిలో తిప్పేస్తున్నాను. ఈలోగా మా ఆవిడ ముందు సీటు కింద కార్పెట్ మూల లేపి, వేలితో రాసి చూసింది. మెత్తటి మట్టి. నేనూ వంగి చూశాను. ఆ మట్టి గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వరద తీశాక మా ఇంటి గచ్చు మీంచి ఇద్దరం చీపుర్లు పట్టుకుని ఎన్నోసార్లు కడిగిందే.

బొండం తాగినవాణ్ణి కనక నేను కొబ్బరిచెట్ల వైపు చూశాను. బొండం తాగనిది కనక ఆవిడే అడిగింది. “ఇది వరద చూసిన బండాండీ?”

“ఆయ్,” అన్నాడాయన. “మరీ పెద్ద వరదేం కాదండి.”

అదీ పోయింది. ఇంక ఒక్కటే మిగిలింది. నేను చేసింది చాలా తేలికైన లెక్క: నా చేత తప్పుడు మాట చెప్పిస్తున్నది బండి కాదు, తిండి. ఆ మూడోచోట చూడ్డం పూర్తయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదనుకున్నాను. చదువుకునే రోజుల్లో పరీక్షలకి కూడా అంత గట్టిగా ఏదీ అనుకోలేదు.

ఆ బండి ముమ్మిడివరం దాటాక, రొయ్యల చెరువుల మధ్య ఉంది. ఇంటాయనకి ముప్ఫయ్యయిదు ఉంటాయేమో. పెళ్లికి ముందు సరదాపడి కొనుక్కున్నాడట. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, కూర్చోబెట్టడానికి చోటు లేదు, అందుకని అమ్మేస్తున్నాడు. షెడ్డులో మేత బస్తాల పక్కన బూడిద రంగు బండి. దాని వెనక అద్దం మీద పిల్లలు అంటించిన చేప బొమ్మలు. చూడగానే, బోర్డు మీద నేను గీసే బొమ్మకి ఎవరో చక్రాలు బిగించినట్టనిపించింది.

గేటు దగ్గరే చెప్పేశాను. ముందు బండి చూస్తానండి, అప్పటిదాకా ఏమీ వద్దండి అని. ఆయన ముఖం చూస్తే నేనేదో అశుభం పలికినట్టుంది. లోపల్నుంచి మంచినీళ్ల చెంబుతో వస్తున్న వాళ్లమ్మగారు ఆగిపోయారు.

“ఏం బాబూ, మా ఇంట్లో నీళ్లు ముట్టుకోరా?”

మా ఆవిడ నా వైపు చూసింది. ఇలాంటి మాట మా వైపు రెండు కుటుంబాల మధ్య తరాలపాటు నిలుస్తుంది. అయినా నేను కదల్లేదు.

“అది కాదమ్మా. మీ ఇంట్లో తింటే మీ బండికి వంక పెట్టలేనండి. నాకు నోరు రాదు. పెట్టేసి తింటాను.”

ఆవిడ చెంబు అరుగు మీద పెట్టారు. “అయితే తొరగా పెట్టండి. కూర చల్లారిపోద్ది.”

గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. రేకు గట్టిగా ఉంది. చెరువుల ఉప్పుగాలికి ఇనప్పెట్టె కూడా నిలవదనీ, అందుకే వారానికోసారి కింద మంచినీళ్లు కొట్టి కడిగిస్తాననీ ఆయన పైనుంచి చెప్పాడు. పొగగొట్టం మాత్రం తుప్పు పట్టింది, చెప్పాను. ఆయ్ అన్నాడు. ఏసీ నిట్టూరుస్తోంది గానీ చల్లబరచడం లేదన్నాను. ఆయ్. ఎడమ అద్దం కిందికి దిగుతోంది, పైకి రావాలంటే బతిమాలాలి. ఆయ్. సీటు తోలు పగిలింది, వెనక టైర్లు అరిగాయి. ఆయ్, ఆయ్. కడుపు ఖాళీగా ఉంటే మనిషి ఎంత స్పష్టంగా మాట్లాడగలడో నాకు ఆ రోజే తెలిసింది. అరుగు మీద కూర్చున్న వాళ్లమ్మగారు, “ఇంకేమైనా ఉన్నాయా?” అనడిగారు.

ఇటుక ఉంది. తెచ్చి కింద నిలబెట్టాను. బండి ముందుకి నెడితే తగలకుండా దాటింది. మా ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. మళ్లీ దాటింది. నేను పక్కన కూర్చున్నాను, ఇంటాయన మెల్లగా నెట్టాడు. కింద టప్ మని చప్పుడైంది. దిగి చూస్తే ఇటుక పడిపోయి ఉంది.

చెరువుల్లో నీళ్లు చిలికే ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. మా ఆవిడ స్టీరింగు మీద చేతులు తియ్యకుండా అంది. “మూడోదండి ఇది.”

తెలుసు. పడిపోయిన ఇటుకనీ, ఆ బండినీ మార్చి మార్చి చూశాను. కల్వర్టు పంచాయతీది, మార్చలేను. బండి తయారుచేసినవాడు జపాన్లో ఉన్నాడు, అతన్నీ మార్చలేను. ఇందులో మారడానికి వీలున్నది ఒక్క బరువే.

“కల్వర్టు దగ్గర ఒకళ్లం దిగుదాం,” అన్నాను.

“ఎవరు?”

“నేనే.”

“వానొచ్చినా?”

“వానొచ్చినా.”

“మా అన్నయ్యగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నా?”

మా బావగారి ఇల్లు ఆ కల్వర్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆయన చూసినది వీధంతటికీ భోజనాల వేళకి చేరుతుంది.

“చూస్తున్నా.”

ఆవిడ తలుపు వేసుకుని, నన్ను రమ్మనకుండా, చెరువు గట్టు మీంచి మెయిన్ రోడ్డు వైపు వెళ్లిపోయింది. మేం షెడ్డులో నిలబడ్డాం. ఇంజను చప్పుడు దూరమైంది, చాలాసేపు వినపడలేదు, మళ్లీ దగ్గరైంది. దిగినప్పుడు జుట్టు చెదిరి ఉంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, క్లచ్ కొంచెం గట్టిగా ఉందండీ, అంది. ఆవిడ పెట్టిన వంక అదొక్కటే అయ్యేసరికి నాకు ధైర్యమొచ్చింది. ధర కూడా తినకముందే మాట్లాడేశాం. అందరికీ ఆకలిగా ఉంది కాబట్టి తొందరగా తెమిలింది.

తర్వాత తిన్నాను. చింతచిగురు రొయ్యల కూర. వాళ్లమ్మగారు ఒక్కో వంకకి ఒక్కో గరిట చొప్పున వడ్డించారు. టైర్లకి విడివిడిగా.

పై వారం కాయితాల పనయ్యాక బస్సులో వెళ్లి బండి తెచ్చుకున్నాం. దారి పొడవునా నేనే నడిపాను. రోడ్డుకి అంత దగ్గరగా కూర్చుంటే కొబ్బరిచెట్లు ఇంకా ఎత్తుగా కనపడతాయి, మలుపులో బండి నేలని వదలదు. ఇన్నేళ్లూ పిల్లలకి చెప్పింది నిజమే. మా వీధి మొదట్లో ఆపి, స్టీరింగు ఆవిడకిచ్చి దిగాను. బావగారు అరుగు మీదే ఉన్నారు.

“ఏం బావగారూ, కొత్త బండి దింపేసిందా?”

“ఆయ్, దింపేసిందండి,” అన్నాను.

ఆవిడ కల్వర్టు మెల్లగా, ఐమూలగా, ఎక్కడా తగలకుండా దాటింది. అవతల నాకోసం ఆగుతుందనుకున్నాను. బ్రేకు లైటు ఒకసారి వెలిగింది, ఆరిపోయింది. బండి మా గేటు దాటి కాలవ గట్టు వైపు తిరిగింది.

నేను నడుచుకుంటూ ఇంటికెళ్లి తాళం తీసి, కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టాను. పాలు పొంగాయి. ఆవిడ ఇంకా రాలేదు.