బాబ్జీ, పింకీ ఎందుకు కూర్చున్నట్టు?

రాజాంలో నగరేశ్వరరావు కిరాణా కొట్టుకి దారి అడిగితే ఇప్పుడెవరూ సందు పేరు చెప్పడం లేదు. "కుక్కలు గెంతుతాయి, ఆ సావుకారి కొట్టేనా?" అని ఎదురడుగుతున్నారు. తాతల నాడు పెట్టిన కొట్టు. కందిపప్పుకీ బెల్లానికీ పేరుమోసిన కొట్టు. దాని పేరు రెండు కుక్కపిల్లల మీదికి ఎలా మారిపోయిందో ఆయనకి అంతుపట్టదు. ఈ మధ్య అంతుపట్టనివి ఇంకా చాలానే ఉన్నాయి గనక, దీని గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోడు.

అసలు ఆయన కుక్కల మనిషే కాదు. బియ్యం బస్తాల దగ్గరికొచ్చిన వీధికుక్కని "హేయ్" అని అదిలించడం తప్ప, కుక్కతో మాట్లాడి ఎరగడు. గరివిడిలో పశువైద్యం చదువుతున్న కూతురు హర్షిత ఒకనాడు ఒక బుట్ట పట్టుకుని బస్సు దిగింది. బుట్టలోంచి నాలుగు పొడుగాటి చెవులు వేలాడుతున్నాయి.

"స్పానియల్స్ నాన్నా. మా సీనియర్ డాక్టరు గారి కుక్క ఈనింది. హాస్టల్లో ఉంచనివ్వరు. రెండు వారాలు సూడు, తర్వాత తీసుకెళ్లిపోతాను" అంది.

తీసుకెళ్లలేదు. తీసుకెళ్లదని తల్లి అప్పలనరసమ్మకి ఆ బుట్టని చూసినప్పుడే తెలుసు. మగదానికి బాబ్జీ అనీ, ఆడదానికి పింకీ అనీ పేర్లు పెట్టింది మాత్రం నగరేశ్వరరావే. తేనెరంగు బొచ్చు, ఎవరి జోలికీ పోనట్టుండే కళ్లు. ఆ కళ్లని నమ్మే ఆయన మునిగిపోయాడు.

మేడ మీద ఎండబెట్టిన వడియాల దుప్పటిని చెరో కొసా పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చుకొచ్చాయి. ఎండుమిరపకాయల్లో దొర్లి, తుమ్ముకుంటూ ఇల్లంతా తిరిగాయి. పెళ్లిళ్లకి మాత్రమే కట్టే పొందూరు ఖద్దరు పంచెని గుంజాటలాడి రెండు కండువాలు చేసి పెట్టాయి. ఎవరు చేశారని గద్దిస్తే బాబ్జీ పింకీ వంక చూసేది, పింకీ గోడ వంక చూసేది.

హర్షితకి ఫోన్ చేస్తే, తప్పు కుక్కలది కాదంది. "వాటిని ఖాళీగా ఉంచకూడదు నాన్నా. పని సెప్పకపోతే అవే పని కల్పించుకుంటాయి. గెంతడం, గొట్టంలో దూరడం, కర్రల మధ్య మెలికలు తిరగడం నేర్పించు. అదొక ఆట. పోటీలు కూడా ఉంటాయి" అని వీడియోలు పంపింది. ఆ వీడియోల్లో ఎవరో దొరసాని చెయ్యి చూపిస్తే చాలు, కుక్క గాలిలా దూసుకుపోతోంది. నగరేశ్వరరావు వాటిని కొట్లో కూర్చుని మళ్లీ మళ్లీ చూశాడు. తను చెయ్యి చూపిస్తే కొట్లో పనివాడు కూడా అంత వేగంగా కదిలిన గుర్తు లేదు.

అయినా మొదలుపెట్టాడు. గిడ్డంగి వెనక ఖాళీ జాగాలో నూనె డబ్బాల మీద చీపురుకర్రలు పెట్టి అడ్డుగెంతులు కట్టాడు. గోనెసంచులు కలిపి కుట్టించి గొట్టం చేయించాడు. రోజూ కొట్టు తెరవడానికి ముందు లుంగీ ఎగ్గట్టి కుక్కలతో పాటు తనూ పరిగెత్తేవాడు. గెంతిన కుక్కకి బహుమానంగా ఉడికించిన కోడిమాంసం పెట్టాలని హర్షిత అనేసరికి అప్పలనరసమ్మ చెవులు మూసుకుంది. చివరికి పుట్నాలపప్పు దగ్గర రాజీ కుదిరింది.

విచిత్రంగా, కుక్కలు నేర్చుకున్నాయి. గెంతాయి, దూరాయి, మెలికలు తిరిగాయి. నగరేశ్వరరావుకి జీవితంలో ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు. అక్కడే చిక్కొచ్చి పడింది. కూతురికి చూపించాలని ఒకచేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీయబోతే, బాబ్జీ మొదటి కర్ర చక్కగా గెంతి, వెనక్కొచ్చి పుట్నం తిని, రెండో కర్ర వైపు పోకుండా ఆయన ముందు చతికిలబడింది. తల ఒక పక్కకి వాల్చి ఆయన్నే చూస్తూ కూర్చుంది. పింకీ కూడా అంతే. ఫోన్ జేబులో పెట్టేస్తే మళ్లీ పరిగెడతాయి. ఫోన్ తీస్తే కూర్చుంటాయి.

ఫోనంటే సిగ్గేమోననుకున్నాడు. ఫోన్ని రుమాలులో చుట్టి పట్టుకున్నాడు. అయినా కూర్చున్నాయి. హర్షిత ఆ వీడియోలు చూసి తుంటి నొప్పి ఉందేమో చూపించమంది. శ్రీకాకుళం దాకా తీసుకెళ్తే అక్కడి డాక్టరు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "వీటికేం లేదండీ. మీరే కాస్త నీరసంగా ఉన్నట్టున్నారు" అన్నాడు. అప్పలనరసమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆ మిరపకాయల వాసనకి కుక్కలు తుమ్మాయి, అంతకుమించి ఏమీ మారలేదు.

దిష్టి తీసిందంటే ఆవిడకి కుక్కల మీద ప్రేమ పుట్టుకొచ్చిందని కాదు. రెండు కుక్కల్ని భరించడం తన వల్ల కాదని ఖద్దరు పంచె చిరిగిన రోజే ఆవిడ తేల్చి చెప్పింది. పలాసలో జీడిపప్పు గొడౌను నడిపే ఆవిడ తమ్ముడు నరసింగరావు, ఒక కుక్కని తనకిచ్చేయమని చాన్నాళ్లుగా అడుగుతున్నాడు. "గొడౌను గుమ్మానికి గొలుసేసి కడతాను అక్కా. నాలుగు మెతుకులేస్తే పడుంటాది" అన్నాడు. గొలుసు మాట విన్నప్పుడు నగరేశ్వరరావు గుండె కలుక్కుమంది.

"సూడండి" అంది అప్పలనరసమ్మ, దిష్టి తీసిన మర్నాడు. "విజయనగరంలో కుక్కల పోటీ ఉన్నాదని అమ్మాయి సెప్పింది గదా. రెండిట్లో ఏ ఒక్కటైనా మొదట్నించి సివరి దాకా పరిగెడితే, రెండూ ఉంటాయి. నేకపోతే ఒకటి పలాస ఎల్లాల. ఒకటి మాత్రం ఉంచుతాను, మాటిస్తన్నాను."

"ఏది ఎల్లాల?"

"అది మీరే తేల్సుకోండి."

ఆ తేల్చుకోవడం తలుచుకుంటేనే ఆయనకి అన్నం సయించేది కాదు. బాబ్జీని పంపితే పింకీ తిండి మానేస్తుంది. పింకీని పంపితే బాబ్జీ ఎవరి వంక చూసి తప్పు తోసేస్తుంది? పైగా ఈ దిక్కుమాలిన కూర్చోవడం ఒకటి. ఎందుకు కూర్చుంటాయో తెలిస్తే మాన్పించవచ్చు. తెలియనిదాన్ని ఎవరు మాన్పిస్తారు?

పోటీ నాడు భార్యాభర్తలిద్దరూ కొట్టు మూసి, కుక్కల్ని ఆటోలో ఎక్కించుకుని విజయనగరం వెళ్లారు. పండగలకి తప్ప కొట్టు మూయని అప్పలనరసమ్మ ఆ రోజు మూసింది. మైదానంలో రంగురంగుల కర్రలు, నీలం గుడ్డ గొట్టం. బరిలోకి తినుబండారాలు తేకూడదని నిబంధనట. జేబులోని పుట్నాల పొట్లం గేటు దగ్గరే తీసి పెట్టాడు. ఖాళీ చేతులతో నిలబడితే బట్టలు మరిచిపోయి వచ్చినట్టు అనిపించింది.

ఈల వేశారు. పింకీ మొదటి కర్ర మీంచి ఎంత అందంగా గెంతిందంటే, గట్టు మీద కూర్చున్న జనం అబ్బా అన్నారు. గెంతి, తిన్నగా వెనక్కొచ్చి, నగరేశ్వరరావు కాళ్ల దగ్గర కూర్చుంది. తల ఒక పక్కకి వాల్చింది.

"ఎల్లవే తల్లీ" అన్నాడు. "ఎల్లు. నీకు దండం పెడతాను."

చూస్తూనే ఉంది. జనం నవ్వారు. బాబ్జీ వంతు వచ్చింది. బాబ్జీ ఒక కర్ర ఎక్కువ గెంతి, తర్వాత అదే చోట, అదే వాటంలో కూర్చుంది. జనం ఇంకా గట్టిగా నవ్వారు. నగరేశ్వరరావుకి అవమానం కంటే ముందు అయోమయం వేసింది. అవి మొరాయించడం లేదు, అలగలేదు, భయపడలేదు. ఆయన ఏదో మరిచిపోయినట్టూ, అది గుర్తొచ్చేదాకా ఓపిగ్గా ఉంటామన్నట్టూ చూస్తున్నాయి.

న్యాయనిర్ణేత యమున గారు దగ్గరికొచ్చి బాబ్జీ చెవి నిమిరారు. "మంచి కుక్కలండీ. మొండితనం కాదిది. మీ దగ్గర్నుంచి ఇంకేదో రావాలని చూస్తోంది" అన్నారు.

"ఏటి రావాల?"

"అది మీకే తెలియాలి మరి."

తిరుగుదారిలో ఆటోలో గెలిచినవాళ్లలా చెవులు గాలికి ఎగరేసుకుంటూ కూర్చున్నది కుక్కలు మాత్రమే. అప్పలనరసమ్మ బజ్జీల బండి దగ్గర ఆటో ఆపించి, ఆయనకి టీ ఇప్పించింది. ఆయన తాగలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే నరసింగరావు వ్యాను వేసుకుని వచ్చేశాడు. చేతిలో కొత్త గొలుసు మెరుస్తోంది. "ఏది బావా, నాది?" అన్నాడు హుషారుగా. నగరేశ్వరరావు బేరం ఉందని కొట్లోకి తప్పుకున్నాడు.

నిజంగానే బేరం ఉంది. సంతకి ఎండుచేపలు తెచ్చే మరిడమ్మ సరుకులకి వచ్చింది. కాటా దగ్గర అప్పలనరసమ్మ ఉంది. పుట్నాలు తూచి, పొట్లం కట్టి, డబ్బులు తీసుకుని గల్లాలో వేసింది. మరిడమ్మ కదల్లేదు. సంచి నోరు తెరిచి పట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి నిలబడింది.

"ఏటే, ఇంకా నిలబడ్డావు? తూకం అయిపోయింది గదా" అంది అప్పలనరసమ్మ.

"తూకం అయింది సావుకారమ్మా. బేరం అవనేదు" అంది మరిడమ్మ.

అప్పలనరసమ్మ కొసరు వెయ్యదు. ఎవరికీ వెయ్యదు. ముల్లు ఎంత చూపిస్తే అంతే, గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. మరిడమ్మకీ తెలుసు. అందుకే ఆవిడ్ని వదిలేసి చూపు నగరేశ్వరరావు మీదికి తిప్పింది. ఆయన తన దిగుల్లో తను ఉన్నాడు. ఆయన ప్రమేయం లేకుండానే చెయ్యి పుట్నాల డబ్బాలోకి వెళ్లి, చిటికెడు తీసి, మరిడమ్మ సంచిలో వేసింది. మరిడమ్మ సంచి మూసుకుని మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

నగరేశ్వరరావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దాన్ని ఎవరిదో చెయ్యిలా చూసుకున్నాడు.

"నర్సమ్మా" అన్నాడు. "పెరట్లోకి రా. ఒక్కసారి రా."

నరసింగరావు కూడా గొలుసుతో వెంట వచ్చాడు. నగరేశ్వరరావు ఫోన్ ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ల మధ్య ఒకే ఒక్క పుట్నం పెట్టుకుని బాబ్జీని పిలిచాడు. బాబ్జీ గెంతింది, వచ్చింది, పుట్నం తింది, కూర్చుంది. తల ఒక పక్కకి వాల్చింది.

"ఈ సూపు ఎక్కడ సూశావు?"

అప్పలనరసమ్మ కుక్కని చూసింది. వీధి వైపు చూసింది. "మరిడమ్మ" అంది మెల్లగా.

నగరేశ్వరరావు ఫోన్ అరుగు మీద పడేసి, జేబులోంచి ఇంకో చిటికెడు తీసి పెట్టాడు. పెట్టాడో లేదో, బాబ్జీ రెండో కర్ర, మూడో కర్ర, గోనె గొట్టం అన్నీ ఒక్క ఊపున దాటేసింది. పింకీ పిలవకుండానే వెనకాల పరిగెత్తింది.

"అవి తప్పు సెయ్యనేదే. పుట్నం పెట్టిన ప్రతిసారీ నా చెయ్యి కొసరు కూడా పెట్టేసేది. నాకే తెలవదు. ఫోన్ పట్టుకున్నప్పుడు రెండో చెయ్యి ఖాళీ నేదు, నిన్న జేబే ఖాళీ. బేరం అవనేదని కూకున్నాయి పాపం, మన కొట్లో మనుషుల్నాగే" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. ఇన్నాళ్లూ వాటిని తిట్టాడు, బతిమాలాడు, డాక్టరు చేత అటూ ఇటూ తిప్పించి చూపించాడు. సిగ్గు ముంచుకొచ్చింది.

నరసింగరావుకి ఇదంతా పట్టలేదు. "ఎండెక్కిపోతాది బావా. ఏదో ఒకటి తేల్చు" అన్నాడు.

నగరేశ్వరరావు నవ్వు ఆగిపోయింది. కారణం తెలిసింది గానీ, ఓడిపోవడం ఓడిపోవడమే. వ్యాపారస్తుడు ఒప్పుకున్న బేరం. రెండు కుక్కలకీ తాళ్లు కట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. కుడిచేతి తాడు ముందుకి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. ఎడమది చాపాడు. అదీ వెనక్కి తీసుకున్నాడు. కళ్లు మసకబారి ఏ తాడు ఎవరిదో కూడా కనిపించలేదు. చివరికి రెండు తాళ్లూ భార్య చేతిలో పెట్టేసి, "నావల్ల అవదే. నువ్వే ఇచ్చీ" అని మొహం తిప్పుకున్నాడు.

అప్పలనరసమ్మ రెండు తాళ్లనీ విడదీసి పట్టుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"నరసింగం, ఒకటి ఉంచుతానని మీ బావకి మాటిచ్చాను" అంటూ పింకీ తాడు తీసి భర్త చేతిలో పెట్టింది. "ఇది బేరం."

నరసింగరావు రెండో తాడు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని చూడనట్టే దాటేసి, బాబ్జీ తాడు కూడా భర్త చేతిలోనే పెట్టి, ఆయన గుప్పెట మూసేసింది.

"ఇది కొసరు" అంది.

నగరేశ్వరరావు రెండు తాళ్లూ పట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఆవిడ్నే చూస్తూ నిలబడిపోయాడు.

"ఏటలా సూత్తన్నారు? బేరం అయిపోయింది" అంది అప్పలనరసమ్మ కొట్టు వైపు నడుస్తూ. "ఇంక ఎల్లండి."