చెంచా కాడ

స్కాట్లండ్‌లో ఏటా జరిగే అపరాధ నవలల పండుగలో ముందు వరస కుర్చీ ఎల్స్‌పెత్‌దే. ముగింపు ముందే కంటపడకుండా ప్రతి నవల చివరి పేజీలకూ బట్టల క్లిప్పు పెట్టుకుంటుంది. నిరుడు పుస్తకంపై సంతకం కోసం నిలబడ్డ వరసలో అభిమాన రచయిత ఫెర్గస్ చెయ్యి పట్టుకుని, మంచాన పడ్డ మొగుడికి చివరిదాకా చెంచా కాడతో మాత్ర నలిపి పాలల్లో కలిపి పట్టిన సంగతి చెప్పుకుని ఏడ్చింది. అతని కళ్లూ చెమర్చాయి.

ఈ ఏడు అతను వేదికెక్కి కొత్త నవల చదివాడు. అందులో ఓ ఇల్లాలు చెంచా కాడతోనే విషపు మాత్ర నలిపి, పాలల్లోనే కలిపి మొగుణ్ణి చంపింది. "ఎలా తడతాయయ్యా నీకివన్నీ?" అని ఎవరో అడిగితే, "అంతా నా బుర్రలోదేనండీ" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఎల్స్‌పెత్ వరసలో నిలబడి, క్లిప్పు తియ్యకుండానే పుస్తకం ముందుకు జరిపింది.

"ఎవరి పేరు రాయమంటారమ్మా?" అన్నాడు ఫెర్గస్, తలెత్తకుండానే.

"మొగుణ్ణి చంపిందే, ఆవిడ పేరే రాయి నాయనా."