దించేదా, ఎక్కించేదా

మొన్న గురువారం ఉదయం పదీ ఇరవైకి, మా మేనత్త జ్ఞాపకార్థ కూటంలో, ఒక పెద్దాయన మైకును తన ఎత్తుకు సరిచేసుకుని, "ఆమె ముప్పై ఏళ్ళపాటు పసిపిల్లల్ని ఆడించారు" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఆడించడమంటే పొద్దుపుచ్చడమేనన్న అర్థం ఆయన గొంతులో ఉంది. అత్త ఏం ఆడించిందో, ఆ ఆటకు నేను ఎలా అడ్డుపడ్డానో అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఎనభైల్లో నల్లపాడులోని మా చర్చి బడిలో అత్త శిశుతరగతి టీచరు. పక్క గదిలో ఒకటో తరగతి టీచర్ని నేను. ఆవిడ గదిలో పలకలుండేవి కాదు, కొయ్య రైలుండేది. జిన్నింగు మిల్లుకు తలుపులు చేసే వడ్రంగి, మిగిలిన వేపచెక్కతో ఇంజను, ఆరు పెట్టెలు, నేలమీద పరుచుకునే పట్టాలు చేసిచ్చాడు. ఏడాది తర్వాత ఆయనే రెండో రైలూ చేశాడు. పాత కొలత చూసుకోకుండా కంటి అంచనాతో చేయడంవల్ల చక్రాలూ పట్టాలూ రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువొచ్చాయి. ఒక రైలు రెండోదాని పట్టాలమీద నిలవదు. "పొరపాటైంది టీచరుగారూ, రేపు కోసిస్తా" అని ఆయన దాన్ని తీసుకుపోబోతే, గుంటూరు స్టేషనులో బస్తాలు మోసే హమాలీ కూతురు, నాలుగేళ్ళది, అడ్డం కూర్చుంది.

"గుంటూర్లో గూడా ఇంతేగా తాతా! చిన్నబండి పెద్ద పట్టాల మీద పోదు. మా నాన్న దించి ఎక్కిస్తాడు."

నిజమే. అప్పట్లో వినుకొండ వైపునుంచి వచ్చేది ఇరుకు పట్టాల మీటరు గేజి. గుంటూరు దాటి సరుకు ముందుకు వెళ్ళాలంటే బ్రాడ్ గేజి బండిలోకి మార్చాల్సిందే. డిగ్రీలు చదివిన మా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. అత్త చెక్కను కోయనివ్వలేదు. చింతపిక్కలు సరుకయ్యాయి. చిన్నబండి మూడు పెట్టెలు దించితే పెద్దబండి రెండు పెట్టెలు నిండుతాయని పిల్లలే కనిపెట్టారు. "ఒరేయ్, నిన్న నువ్వే దించావు, ఇయ్యాల నా వంతు!" అని జుట్లు పట్టుకునేవారు. ఆ తగవు తీర్చడానికి అత్త కుర్చీలోంచి లేచేది కాదు. ఎవరైనా పిక్కను ముక్కులో పెట్టుకుంటేనే లేచేది.

నా గదిలో అరవైమంది, గాలాడేది కాదు. అత్త గది కూడా నాకివ్వమని బడి కరస్పాండెంటుగారికి అర్జీ పెట్టింది నేనే. ఆయన వచ్చి చూసి, "పలకల్లేవు, అఆలు లేవు. ఏం నేర్పుతున్నారమ్మా?" అన్నారు.

"నేలమీద కూర్చోండయ్యా, వాళ్ళే చెబుతారు" అంది అత్త.

ఆయన కూర్చోలేదు. నిలబడే వంగి చిన్న ఇంజనును పెద్ద పట్టాలమీద పెట్టారు. అది పక్కకు ఒరిగింది.

"అట్టా పెట్టగూడదు సారూ! నీకు తెలవదా?" అంది హమాలీ కూతురు.

ఆయనకు నవ్వు రాలేదు. గది నాకొచ్చింది. అత్త రెండు రైళ్ళనూ వరండాలోకి మార్చుకుంది. నాతో ఇంతే అంది: "గది నీది, రైలు నాది. జల్లు కొడితే తలుపు తెరువు, చాలు."

జూన్‌లో ఆ పిల్లలు నా తరగతికి వచ్చారు. కొన్నాళ్ళకు బోర్డుమీద ఐదు, రెండు వేసి, మధ్యలో అడ్డగీత పెట్టి, ఇది తీసివేత అన్నాను. తతిమ్మావాళ్ళు దిక్కులు చూస్తుంటే, వరండానుంచి వచ్చిన ఎనిమిదిమందిలో ఒకడు లేచి, "ఇది దించేదా టీచర్, ఎక్కించేదా?" అన్నాడు. దించేది అన్నాను. ఆ ఎనిమిదిమందీ ఒక్కసారే "మూడు" అన్నారు.

ఆ సాయంత్రం వరండాలోకి వెళ్ళి, తప్పు నాదన్నాను. అత్త నేలమీద పిక్కలు ఏరుతోంది. "ముందు ఇవి ఏరవే" అంది. మర్నాడు ఎవరినీ అడక్కుండా రైళ్ళను మళ్ళీ గదిలోకి చేర్చాం. నా అరవైమందీ మళ్ళీ ఇరుక్కున్నారు, నేనూ ఇరుక్కున్నాను. కరస్పాండెంటుగారు రెండు మెమోలు పంపారు. రెండింటికీ జవాబివ్వలేదు.

రిటైరయ్యేదాకా నా తరగతిలో కూడిక ఎక్కింపే, తీసివేత దింపుడే. పుస్తకంలోని మాట వాడమని తనిఖీకి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పారు. వాడలేదు. గుంటూరులో రైలు పట్టాలన్నీ ఒకే కొలతకు వచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొలత తప్పిన బొమ్మను ఎవరూ పిల్లలకివ్వరు.