కిటికీ మూసిన హాల్టు

తెనాలి, రేపల్లె లైనులో మా ఊరిది చిన్న హాల్టు. ఒక రేకుల షెడ్డు, పక్కన ఒక గది, ఆ గదికి ఒక కిటికీ. కిటికీలోంచి టికెట్లిచ్చే ఆయనది మా ఊరే, కమీషను మీద పనిచేసేవాడు. టికెట్లన్నీ ఫోనులోకి వచ్చేశాక ఇక ఆ కిటికీ ఎందుకని మూసేశారు. ఫోనుతో స్కాన్ చేసి టికెట్టు తీసుకోమని మూసిన చెక్క మీద ఒక కాగితం అంటించిపోయారు. మొదటి వానకే అది ఉబ్బి ఊడిపోయింది. మళ్ళీ ఎవరూ అంటించలేదు.

నాకేమీ ఇబ్బంది కలగలేదు. తెనాలిలో టీచర్ని, నెల పాసు ఫోనులోనే ఉంటుంది. ఇబ్బంది మా అత్తయ్యలాంటి వాళ్ళకి. పొలం పనులు చేసి పిల్లల్ని చదివించిన మనిషి ఆమె. ఫోనంటే ఎత్తి మాట్లాడటం వరకే తెలుసు.

ఆమెకు వాళ్ళ అక్కంటే ప్రాణం. మా ఆయనకు పెద్దమ్మ, నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ బాపట్లలో కూతురి దగ్గర మంచాన పడి ఉంది. ఒకరోజు పొద్దున్నే, "చెల్లిని చూడాలంటోంది, ఆలస్యం చెయ్యకండి" అని ఫోనొచ్చింది. స్కూలుకు సెలవు పెట్టి అత్తయ్యను తీసుకుని బయల్దేరాను. తెనాలిలో దిగితే వెంటనే బాపట్ల రైలు దొరుకుతుంది.

హాల్టులో నిలబడి ఆమెకు టికెట్టు తీయబోయాను. పట్టాలకు మరీ దగ్గరగా ఉన్నారు, దూరంగా వెళ్ళి తీసుకోండి అంది ఫోను. రోడ్డు మీదికి పరిగెత్తాను. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. డబ్బులు కట్టయ్యాయి, టికెట్టు మాత్రం రాలేదు. ఈలోపే రైలు వచ్చేసింది.

"ఎక్కండి అత్తయ్యా, దారిలో వస్తుంది."

"టికెట్టు లేకుండానా? నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ అట్టా ఎక్కలేదు అమ్మాయ్."

"అవతల పెద్దమ్మ ఎదురు చూస్తోందండి."

ఆ మాటతో ఎక్కింది.

తెనాలి ఇంకాసేపట్లో వస్తుందనగా చెకింగ్ ఆయన వచ్చాడు. చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు. ఫోను చూపించాను.

"డబ్బులు కట్టయ్యాయి నిజమేనండి. టికెట్టు రాలేదు కదండి. ఫైను రాయాలి."

"అక్కడ కిటికీ మూసేశారండి. ఈమె ఎక్కడ కొనుక్కోవాలి?"

"అది నా చేతుల్లో లేదండి మేడం."

అత్తయ్య కొంగుముడి విప్పింది. "ఎంతయితే అంత తీసుకో నాయనా. తొందరగా పంపించు. మా అక్క పోయేట్టుంది."

ఆయన తీసుకోలేదు. రసీదిచ్చే చేతిమిషను ఆడటం లేదు. రసీదు లేకుండా డబ్బు పుచ్చుకోకూడదు, మమ్మల్ని వదలనూ కూడదు. రైలు దిగాక టికెట్టు లేని మరికొందరితోపాటు మమ్మల్నీ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాడు. రోజూ నాతో కలిసి ప్రయాణం చేసేవాళ్ళు ఫోనులు చూసుకుంటూ మా ముందునుంచే వెళ్ళిపోయారు. ఒక్కరూ ఆగలేదు. ఒకావిడ మాత్రం, "ఈ వయసులో ఇవేం బుద్ధులో" అంటూ దాటిపోయింది. అత్తయ్యకు వినిపించింది. కొంగు తలమీదికి లాక్కుంది.

అవతలి ప్లాట్‌ఫారానికి బాపట్ల రైలు వచ్చింది.

"బాబూ, నీకు దణ్ణం పెడతా."

"ఒక్క నిమిషం మామ్మగారూ, నెట్ రావట్లేదు." ఆయన మిషను ఆపి మళ్ళీ వేస్తున్నాడు. పాపం, అతనికీ చెమటలు పడుతున్నాయి.

మేము చూస్తుండగానే రైలు కదిలిపోయింది. ఆ తర్వాత కాసేపటికి రసీదు వచ్చింది.

తర్వాతి రైలుకు చాలా టైముంది. బస్సులు మారి బాపట్ల చేరేసరికి పెద్దమ్మకు మాట పడిపోయింది. "ఇందాకటిదాకా చెల్లేదీ, చెల్లేదీ అంటూనే ఉంది పిన్నీ" అంది కూతురు. అత్తయ్య మంచం పక్కన కూలబడి, అక్క చెయ్యి పట్టుకుని, "నేనొచ్చానే, ఇటు చూడవే" అని సాయంత్రం దాకా పిలుస్తూనే ఉంది. పెద్దమ్మ కళ్ళు తెరవలేదు. తెల్లవారుజామున ప్రాణం పోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక స్టేషనుకు వెళ్దామంటే అత్తయ్య రానంది. "నన్ను బస్సెక్కించు. వాళ్ళ రైలు నాకొద్దు." ఆమె ఇంకెప్పుడూ రైలెక్కలేదు. నాకు వేరే దారి లేదు, రోజూ ఎక్కుతూనే ఉన్నాను.

కోపం పట్టలేక ఫిర్యాదు పెట్టాను. జవాబు ఫోనుకే వచ్చింది. డబ్బు వాపసు చేశాం, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవ ఎలా ఉందో చెప్పండి అని. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్తయ్య తలెత్తి, "ఏంటంటన్నారు?" అంది.

"పరిష్కారమైందంటున్నారండి."

అత్తయ్య "ఎవరికి?" అని మళ్ళీ గింజలు తీసుకుంటూ కూర్చుంది.