అడిగితే చెప్పే మార్తమ్మవ్వ

మార్తమ్మవ్వకు అబద్ధం రాదు. కొందరికి ఈత రానట్టు, ఆమెకు అది రాదు. జనగామకు అవతల మా ఊళ్లో ఆమె నోరంటే అందరికీ తుపాకీ అంత భయం.

నేను కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే ఆ రుచి చూశాను. పక్కిల్లే ఆమెది. మా అత్త సత్తెమ్మ నా వంట తినిపించి, "ఎట్లున్నది అక్కా?" అని అడిగింది.

"మాడింది. అయినా నువ్వు వండేదానికన్న నయం."

మా అత్త చాలా రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. నేనే పోయి, "గట్లెందుకన్నవవ్వా?" అన్నాను.

"అబద్ధమాడొద్దని ప్రభువు చెప్పిండు బిడ్డా. కూర సంగతైతే ఆడొచ్చని చెప్పలే."

అవి దొరల మీద సంఘం తిరగబడిన రోజులు. దొర పట్నం పారిపోయాడు. కోటలాంటి అతని గడికి తాళం పడింది. సంఘం సాయుధ దళం ఎప్పుడొస్తుందో, ఎక్కడ తలదాచుకుంటుందో ఊరందరికీ తెలుసు, ఎవరడిగినా చెప్పేసే మార్తమ్మవ్వకు తప్ప. ఆమె కనబడగానే మాటలన్నీ వానల మీదికి మళ్లేవి. ఆ యేడు మా ఊళ్లో వానల గురించి మాట్లాడినంతగా ఎక్కడా మాట్లాడి ఉండరు.

అంతలో గడిలో చప్పుళ్లు మొదలయ్యాయి. పట్టపగలు, గాలి లేనప్పుడు, లోపల ఉయ్యాల గొలుసులు కిర్రుకిర్రుమనేవి. ఆ ఉయ్యాల మీదే దొర తల్లి ప్రాణం విడిచింది. గోడ పక్కకు వచ్చిన మేకలు బెదిరి వెనక్కి మళ్లేవి. ఒక్కోసారి సన్నటి మూలుగు వినబడేది. పచ్చి వేప వాసన, దాని అడుగున ఇంకేదో కుళ్లు వాసన.

మార్తమ్మవ్వ మాత్రం రోజూ ఎండ నెత్తిమీదికి రాగానే గంజి ముంత, వేపకొమ్మలు పట్టుకొని గడి వెనక తలుపులోంచి లోపలికి పోయేది.

"ఎవరికవ్వా?"

"అడుగకు బిడ్డా. అడిగితే చెప్తా."

ఆమె అంతవరకు ఎవరినీ అడగవద్దనలేదు. దాంతో మాకు మరీ భయమైంది. దొర తల్లి దయ్యానికి గంజి పోస్తోందన్నారు. మా అత్త నా కొంగున వేపాకు ముడేసింది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఆమె వెనకే పోయాను. లోపల చీకటి. దూలాలకు గబ్బిలాలు. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. దాని బల్ల మీద మనిషి పొడవునా వేపాకు కుప్ప. నేను చూస్తుండగానే ఆకులు కదిలాయి. వాటి నడుమ ఒక నోరు తెరుచుకుంది.

"నీళ్లు..."

వెనక్కి గెంతి మార్తమ్మవ్వ కొంగు పట్టుకున్నాను. "ఎవరవ్వా?" అన్నాను, అడగకూడదన్నది మరిచిపోయి.

"వెంకట్రాం. అమ్మోరు పోసింది. దొర పోతూ పోతూ గీన్ని ఇడిసిపెట్టి పోయిండు. నాకు చిన్ననాడే పోసింది, మళ్ల రాదు."

వెంకట్రాం! దొర గుమాస్తా. మార్తమ్మవ్వ పెనిమిటిని ఎండలో వంగబెట్టి వీపున బండ ఎత్తించినవాడు. ఆయన మళ్లీ నిటారుగా నిలబడకుండానే చనిపోయాడు.

"గందుకే అడుగకన్న. ఇప్పుడు నిన్నెవరన్న అడిగితే వీన్ని చంపియ్యాలె, లేకుంటే అబద్ధమాడాలె. గా బరువు నీకెందుకని నేనే మోసిన."

మరునాడు దయ్యం మాట విని సంఘం నాయకుడు పోశాలు దళంతో వచ్చాడు. అతని వీపు మీద వెంకట్రాం కొరడా గీతలు ఇంకా ఉన్నాయి. గడి వాకిట్లో ఆమెను ఆపాడు.

"లోపలెవరవ్వా?"

"అడుగకు కొడుకా."

"అడుగుతున్న."

"వెంకట్రాం."

తుపాకులన్నీ లేచాయి. "పక్కకు జరుగు," అన్నాడు పోశాలు.

"జరుగ. వాడంటే నాకూ ప్రేమ లేదు. గంజి ముంత వాని మొకాన కొట్టి ఇంటికి పోదామని ఎన్నిసార్లు అనిపించిందో! పగోన్ని ప్రేమించుమన్నడు ప్రభువు. ప్రేమ రాకపాయె. వచ్చేదాక గంజన్న పోద్దామనుకున్న."

"లేచి పారిపోతే?"

"నడక రాంగనే నేనే తోలుకొస్త. ఊరి ముందట నిలబెడ్త."

ఇంకెవరన్నా ఆ మాట చెబితే పోశాలు నమ్మేవాడు కాదు. చెప్పింది మార్తమ్మవ్వ కాబట్టి తుపాకీ దించాడు.

అన్నట్టే తోలుకొచ్చింది. మొహమంతా గుంటలు పడి, ఎముకల గూడులా నిలబడ్డాడు వెంకట్రాం. జనాన్ని ఎందుకు కొట్టావని పోశాలు అడిగితే, "దొర చెప్తే కొట్టిన..." అని గొణిగాడు.

"ఉన్నది చెప్పు," అంది మార్తమ్మవ్వ.

అతను తల వంచాడు. "దొర చెప్పకున్నా కొట్టిన."

ఆ మాట తర్వాత అతన్ని కాల్చడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఊళ్లోనే ఉండి, తాను ఎవరి పొలాలు గుంజుకున్నాడో వాళ్లకే దున్ని పెట్టాలన్నారు ఊరివాళ్లు. కానీ ఉండడానికి చోటు ఎవరిస్తారు?

"నా ఇంట్ల ఉంటడు," అంది మార్తమ్మవ్వ.

వెంకట్రాం గబుక్కున పోశాలు కాళ్ల మీద పడ్డాడు. "అన్నా, నన్ను జైల్ల వెయ్యి! గంజి పోసినప్పుడల్లా నా గురించి ఉన్నవన్నీ చెప్పింది. ఇంక వినుడు నాతోని కాదు!"

పోశాలు నవ్వు ఆపుకోలేక తుపాకీని పక్కవాడి చేతిలో పెట్టాడు.

"గదే శిక్ష. పో, అవ్వ ముంత అందుకో."